కదిలే మెట్లు

మెట్టు అన్నది కదలనిది. మనిషి కదలవలెను, మెట్టు నిలిచి ఉండవలెను. కొండల మీద గుళ్ళు కట్టినవారు, కోటలకు బురుజులు ఎత్తినవారు, ఏటి ఒడ్డున రేవులు దిద్దినవారు అందరూ ఈ ఒడంబడిక మీదనే తమ పని సాగించినారు. మెట్లెక్కే మనిషి ఒక కాలు నిలకడగా ఉంచి రెండవ కాలు ఎత్తుతాడు. నిలిచిన కాలి క్రింద నేల నిలిచే ఉంటుందన్న నమ్మకం ఎంత పాతదంటే, దానిని నమ్మకమని కూడ ఎవరూ తలచరు. ఆ పాత ఒడంబడికను తలక్రిందులు చేసి, మెట్టు కదలగా మనిషి నిలిచి ఉండే ఏర్పాటు ఒకటి 19వ శతాబ్ది చివర లోకంలోకి వచ్చినది. దానికి ఎస్కలేటరని పేరు. సంస్కృతం తెలిసినవారు చరసోపానమనవచ్చును గాని, మన జనం చక్కగా కదిలే మెట్లన్నారు. అంతకన్న మంచి మాట దొరకదు.

ఊహ ముందు పుట్టినది, వస్తువు చాల ఆలస్యంగా వచ్చినది. 1859లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో నేథన్ ఏమ్స్ అనే ఆయన ‘తిరుగుడు మెట్లు’ అన్న పేరుతో పేటెంటు పుచ్చుకొన్నాడు. అవి కాగితం మీదనే మిగిలినవి. ఒక్క మెట్టయినా కట్టబడకుండానే ఆయన కాలం చేసినాడు. 1892లో జెస్సీ రెనో మరొక పేటెంటు తీసుకొని, 1896లో న్యూయార్కు సముద్రతీరాన కోనీ ఐలండు అనే వినోదస్థలంలో తన యంత్రాన్ని నిలబెట్టినాడు. అందులో నిజానికి మెట్లే లేవు. అది కదిలే ఏటవాలు పట్టీ. దాని మీద నిలిచినవాడు కొండవాలున నిలిచినట్టు పాదాలు వంచి నిలువవలసినదే. చదునైన మెట్ల ఊహ జార్జి వీలరుది. ఆయన హక్కులను కొని, దానికి మెరుగులు దిద్ది, ఓటిస్ కంపెనీతో చేయి కలిపినవాడు చార్లెస్ సీబర్గరు. 1900లో పారిస్ నగరంలో జరిగిన మహాప్రదర్శనలో ఆ యంత్రం లోకం కంట పడినది. మెట్లకు లాటినులో ఉన్న మాట పట్టుకొని ఎస్కలేటరన్న పేరు కట్టినవాడు కూడ సీబర్గరే. ఆ పేరు అర్ధశతాబ్దం పాటు కంపెనీ సొత్తుగా ఉన్నది. కాని జనం నోట పడిన మాటకు యజమాని ఎవడు? కదిలే మెట్లు ఎవరు చేసినా ఎస్కలేటరనే అందరూ పిలువసాగినారు. 1950లో అమెరికా అధికారులు అది ఒకరి సొంత గుర్తు కాదు, ఒక వస్తువు పేరు మాత్రమే అని తీర్పు చెప్పినారు.

ఇంగ్లండులో మొదటి కదిలే మెట్లు వచ్చినది ఏ రైల్వే స్టేషనుకో ఆసుపత్రికో కాదు, అంగడికి. 1898 నవంబరు 16న లండనులోని హారడ్స్ అనే పెద్ద దుకాణంలో తోలుతో అల్లిన కదిలే పట్టీ ఒకటి ఏర్పాటయినది. దాని మీద పైకి చేరినవారికి గుండె కుదుటపడేందుకు బ్రాందీ ఇచ్చేవారట. ఇది చదివి నవ్వుకొనేవారు ఒక సంగతి గమనించవలెను. ఆ బ్రాందీ తాగినవారు పల్లెటూరివారు కారు. లోకంలో అన్నిటికన్న పెద్ద నగరంలో ధనవంతులయిన దొరలూ దొరసానులూ. కాలి క్రింద నేల కదలితే కలిగే బెదురుకు చదువుతోనూ సంపదతోనూ నిమిత్తం లేదు.

వర్తకుడు ఈ యంత్రాన్ని ఎందుకు అంతగా ఆదరించినాడో ఊహించుట కష్టం కాదు. పై అంతస్తుకు మెట్లెక్కి వచ్చేవారు తక్కువ. అక్కడి సరుకు దుమ్ము పట్టిపోతుంది. లిఫ్టు ఉన్నా అది కొద్దిమందిని మూసిన పెట్టెలో పెట్టి తీసుకొనిపోతుంది. ఆ కాసేపు వారికి సరుకు కనిపించదు. కదిలే మెట్లు అట్లా కావు. ఎవరినీ వేచి ఉండనీయవు, వచ్చినవారిని వచ్చినట్టు ఎత్తుకొనిపోతవి, పోతూ పోతూ నాలుగు దిక్కులా వరుసలు కట్టిన సరుకును చూపిస్తవి. అంగడిలో పై మెట్లు దిగిన చోటుకూ అటుపై మెట్ల మొదలుకూ నడుమ చుట్టు తిరిగి పోవలసిన దూరం ఒకటి ఉంటుంది. అది శిల్పి మరపున జరిగిన పొరపాటు కాదు.

ఇక దాని లోపలి పని. చూచేవారికి మెట్లు నేలలో పుట్టి నేలలోనే కలిసిపోయినట్టు కనిపిస్తుంది. నిజానికి అవి పుట్టవు, గిట్టవు. పాతకాలపు బావుల మీద ఘటీయంత్రం చూచినవారికి ఈ రహస్యం సులువుగా బోధపడుతుంది. అందులో కుండలు ఒక గొలుసుకు వరుసగా కట్టి ఉంటవి. నిండినవి పైకి వస్తవి, ఒలికినవి తలక్రిందులుగా దిగిపోతవి. ఇక్కడ కుండలకు బదులు మెట్లు. పైకి చేరిన ప్రతి మెట్టూ పళ్ళచక్రం చుట్టూ తిరిగి, తలక్రిందులై, మనుషులు నిలిచిన మెట్ల అడుగుననే చీకటిలో వెనుకకు దిగిపోయి, క్రింద మరల వెలుగులోకి వస్తుంది. పైన ఉన్న మోటారు ఆ పళ్ళచక్రాన్ని తిప్పుతుంది. ఇరుప్రక్కలా ఉన్న రెండు గొలుసులు మెట్లను లాగుతవి. ఇదంతా ఒక ఇనుప చట్రంలో ఇమిడి, వంతెన దూలంవలె పైఅంతస్తుకూ క్రిందిఅంతస్తుకూ నడుమ ఆని ఉంటుంది.

తెలివి అంతా చక్రాలలో ఉన్నది. ఒక్కొక్క మెట్టు ముక్కోణపు పెట్టెవంటిది. దానికి రెండు జతల చిన్న చక్రాలు. పై జత గొలుసుకు బిగించి ఒక పట్టా మీద నడుస్తుంది. క్రింది జతకు గొలుసుతో పని లేదు. అది వేరొక పట్టా మీద ఊరక దొర్లుతుంది. ఏటవాలుగా పోయే మేర ఈ రెండు పట్టాలనూ ఎంత ఎడముగా ఉంచవలెనో అంత ఎడముగా ఉంచుటచేత, దారి ఎంత ఏటవాలయినా మెట్టు ఉపరితలం చదునుగానే నిలుస్తుంది. తలలోనూ మొదలులోనూ పట్టాలు వంగి నేలకు సమంగా సాగుతవి. అప్పుడు ఒకదాని కన్న ఒకటి ఎత్తుగా ఉన్న మెట్లన్నీ ఒక్క ఎత్తుకు వచ్చి చాపవలె పరచుకొంటవి. మెట్టు మీద పొడవునా సన్నని గాళ్ళు ఉంటవి. చివర నేలకు బిగించిన దువ్వెనవంటి పలక ఉంటుంది. దాని పళ్ళు ఈ గాళ్ళలోకి దిగి, మెట్టు లోపలికి జారిపోతుండగా దాని మీది పాదాన్ని మెల్లగా నేల మీదికి నెట్టివేస్తవి. తొలినాటి యంత్రాలలో వీలరుది చదునైన మెట్టు, రెనోది ఈ దువ్వెన. రెండింటినీ ఒక్కచోట చేర్చి ఈనాటి రూపు కల్పించుటకు 1920ల దాకా పట్టినది.

ప్రక్కన చేతికి ఆసరాగా ఉన్న నల్లని రబ్బరు పట్టీ కూడ ఇట్లాగే తిరిగే మాలయే. దానిని నడిపేది ఆ మోటారే అయినా దాని చక్రాలు వేరు. అవి అరిగినప్పుడు చేయి ఒక వేగాన, కాలు ఒక వేగాన పోతవి. వృద్ధులకు అంత చిన్న తేడా కూడ చాలును తూలి పడుటకు.

మామూలు యంత్రం సెకనుకు అర మీటరు పోతుంది. వాలు 30 డిగ్రీలు. లండను భూగర్భ రైల్వేలో ఇంకా వడి ఎక్కువ, సెకనుకు 0.75 మీటరు వరకు. మెట్టు లోతు 0.4 మీటరు, ఒక్కొక్క మెట్టుకు ఇద్దరు అని లెక్క కడితే, అర మీటరు వడిన పోయేది గంటకు 9,000 మందిని చేరవేయవలెను. ఆ లెక్క ఏనాడూ తీరదు. మనుషులు బస్తాలు కారు. మెట్టుకూ మెట్టుకూ నడుమ ఊపిరాడేంత చోటు విడిచి నిలుస్తారు. ఎవరి పెట్టె వారికున్నది, ఎవరి బిడ్డ వారికున్నది.

దీనికి ఆపుదల ఎట్లా? ఇందులో ఒక మెచ్చదగిన వివేకం ఉన్నది. బ్రేకును పట్టించుటకు విద్యుత్తు అక్కరలేదు. పట్టకుండా విడిచి ఉంచుటకే విద్యుత్తు కావలెను. కరెంటు పోయిన మరుక్షణం స్ప్రింగు తనంతట తాను బిగిసి యంత్రాన్ని నిలిపివేస్తుంది. నిలుపుట కూడ ఒక్కసారిగా కాక కొంత మెల్లగా జరుగవలెను. లేకున్న నిలిచి ఉన్నవారంతా ముందుకు పడిపోతారు. కాని ఈ వివేకమంతా బ్రేకు అరగకుండా, గొలుసు తెగకుండా చూచుకొన్నన్నాళ్ళే. జనంతో నిండిన మెట్ల బరువు ఎప్పుడూ క్రిందికే లాగుతూ ఉంటుంది. 1982 ఫిబ్రవరి 17న మాస్కోలోని అవియామోటోర్నయా స్టేషనులో దిగే మెట్లు పట్టుతప్పినవి. వడి పెరిగి, క్రింద చేరినవారు తప్పుకొనేలోగా వెనుకవారు వచ్చి పడి, 8 మంది చనిపోయినారు. 2018 అక్టోబరులో రోము నగరపు రిపుబ్లికా స్టేషనులో కూడ మెట్లు అదే తీరున పరుగెత్తి ఇరువదిమందికి పైగా గాయపడినారు. మాస్కో మెట్రోలో మెట్ల మొదట గాజుగదిలో ఒక మనిషి కూర్చుండి వచ్చేపోయేవారిని కనిపెట్టి చూచే ఆనవాయితీ చాలకాలం నడిచినది. అది పాతకాలపు పద్ధతి అని కొందరు నవ్వినారు గాని, కన్ను చేసే పనిని అన్నివేళలా తీగ చేయజాలదు.

లండను భూగర్భ రైల్వేలో మొదటి కదిలే మెట్లు 1911 అక్టోబరు 4న ఎర్ల్స్ కోర్టు స్టేషనులో పనిచేయసాగినవి. జనానికి ధైర్యం కలిగించేందుకు ఒంటికాలి మనిషినొకనిని రోజంతా ఎక్కిస్తూ దించుతూ ఉండినారని ఆ నగరంలో తరతరాలుగా చెప్పుకొనే కథ. కర్రకాలివాడు ఎక్కగలిగినది మనకేమి భయం అని ఇతరులు అనుకోవలెనన్న మాట. దానిని చూచిన ఒక ముసలమ్మ, ఆయన కాలు పోయినది ఈ యంత్రంలోనే కాబోలు అనుకొని మెట్లే ఎక్కిపోయినదని కథకు తోక తగిలించేవారూ ఉన్నారు. తోక కల్పనే కావచ్చును గాని, మనుషుల మనసు తెలిసిన కల్పన.

నిలిచేవారు కుడి ప్రక్కన నిలువవలెను, తొందర ఉన్నవారు ఎడమ ప్రక్కన నడిచిపోవలెను అన్నది లండనులో చిరకాలపు మర్యాద. అది మర్యాదే గాని, లెక్కకు నిలువదు. ఎత్తయిన మెట్ల మీద నడిచేవారు కొద్దిమంది. వారికోసం సగం మెట్లు ఖాళీగా పోతుంటే తక్కినవారు మొదట క్యూ కట్టి నిలువవలసివస్తుంది. 2015 చివర హోబర్న్ స్టేషనులో మూడు వారాలపాటు ఇరుప్రక్కలా నిలువుమని చెప్పి చూచినారు. రద్దీ వేళ అదే యంత్రం మునుపటికన్న దాదాపు 30 శాతం ఎక్కువమందిని చేరవేసినది. అయినా జనం విసుగుకొన్నారు. తనకు ఆలస్యమైనా సరే, త్రోవ తెరచి ఉన్నదన్న ఊహ మనిషికి కావలెను. జపానులో అయితే ఇది చట్టందాకా పోయినది. 2021 అక్టోబరునుంచి సైతామా రాష్ట్రంలోను, 2023 అక్టోబరునుంచి నగోయా నగరంలోను కదిలే మెట్ల మీద నిలిచే పోవలెనని నియమం చేసినారు. నడిచిపోయేవారు తోసుకొనగా పడిపోయేవారెవరు? వృద్ధులు, ఒకే ప్రక్క చేయి పనిచేసేవారు. ఎడమచేయి పడిపోయినవాడు కుడి ప్రక్క పట్టీనే పట్టుకోగలడు. మర్యాద ఏ ప్రక్క అని చెప్పినా అతనికి ఆ ప్రక్క ఒకటే.

లండను కథలో చెప్పక తీరని సంగతి మరొకటి ఉన్నది. తొలినాటి మెట్లు చాలవరకు కొయ్యవి. 1987 నవంబరు 18 సాయంత్రం కింగ్స్ క్రాస్ స్టేషనులో ఎవరో వెలిగించి పారవేసిన అగ్గిపుల్ల ఒకటి కొయ్యమెట్టు అంచు సందులోనుంచి క్రిందికి జారినది. అక్కడ ఏండ్ల తరబడి పేరుకొనిన జిడ్డు, నూలుపోగులు, వెంట్రుకలు, కాగితపు ముక్కలు ఉన్నవి. ఏడున్నర గంటల ప్రాంతాన పొగ కనిపించినది. అట్టపెట్టె కాలినంత చిన్న మంట అని చూచినవారు అనుకొన్నారు. పావుగంట గడిచినదో లేదో ఆ మంట ఒక్క ఉదుటున పైన టికెట్ల హాలులోకి ఎగసినది. 31 మంది చనిపోయినారు. వారిలో ఆర్పుటకు వచ్చిన అగ్నిమాపకదళపు అధికారి ఒకడు. మృతులలో ఒకని పేరు 2004 దాకా ఎవరికీ తెలియలేదు.

మంట అట్లా ఎట్లా ఎగసినదని ఆలోచించినవారు కంప్యూటరు మీద బొమ్మ కట్టి చూచినారు. మంట పైకి లేవక మెట్ల కాలువలో ఏటవాలుగా పడుకొని పైకి ప్రాకినట్టు అది చూపినది. మొదట లెక్కలోనే తప్పున్నదని అనుమానించి, చిన్న నమూనా మెట్లు కట్టి కాల్చి చూడగా లెక్కయే నిజమని తేలినది. శాస్త్రానికి అది కొత్త సంగతి. కాని ఫెనెల్ అనే న్యాయవేత్త జరిపిన విచారణలో బయటపడిన మరొక సంగతి కొత్తది కాదు, ఎల్లదేశాలలోను ఎరిగినదే. మెట్ల అడుగున అంతకుముందు ఎన్నోసార్లు నిప్పు పుట్టి తనంతట తాను ఆరిపోయిన మచ్చలు ఉన్నవి. అట్టివాటిని మంట అనకుండా రాజుకొనుట అని పిలుచుట ఆ సంస్థలో వాడుక. మంట అన్నచో అగ్నిమాపకదళాన్ని పిలువవలసివస్తుంది, రైళ్ళు ఆపవలసివస్తుంది. రాజుకొనుట అన్నచో ఎవడో ఒకడు పోయి చూచివస్తాడు. మాట మెత్తబడినకొలది దాని క్రింద జిడ్డు పేరుకొన్నది. తరువాత లండనులో కొయ్యమెట్లన్నీ ఒక్కటొక్కటే తీసివేసినారు. చిట్టచివరిది గ్రీన్‌ఫర్డ్ స్టేషనుది, 2014 దాకా నడిచినది.

ఈ యంత్రం అంగళ్ళ నుంచి, రైల్వేల నుంచి వీధిలోకి కూడ దిగినది. హాంకాంగులో కొండ అడుగున కచేరీలు, కొండ మీద ఇండ్లు. ఆ రెంటికీ నడుమ 1993లో కదిలే మెట్ల వరుస ఒకటి వేసినారు. పొడవు 800 మీటర్లు, ఎక్కే ఎత్తు 135 మీటర్లు. ఉదయం పదిగంటల దాకా క్రిందికి నడుస్తుంది, తరువాత అర్ధరాత్రి దాకా పైకి. ఊరంతా పనికి దిగి ఇంటికెక్కే లయను అనుసరించి. అంతకన్న మనసుకు పట్టేది దక్షిణ అమెరికాలో కొలంబియా దేశపు మెడెయిన్ నగరంలోనిది. అక్కడ పదమూడవ వార్డు కొండవాలున ఇటుకా రేకూ కలిపి కట్టుకొన్న బీదల ఇండ్ల గుంపు. ఏండ్లకొలది తుపాకుల రాజ్యంలో నలిగిన చోటు. నీళ్ళబిందె అయినా గ్యాసుబండ అయినా మూపున మోసుకొని వందల మెట్లెక్కవలసినదే. 2011 డిసెంబరులో నగరపాలకులు అక్కడ ఆరు విడతలుగా 384 మీటర్ల కదిలే మెట్లు కట్టినారు, ఎక్కేవారికి రుసుము లేకుండా. కొనేవానిని సరుకు దగ్గరకు చేర్చేందుకు పుట్టిన యంత్రం, కొనలేనివానిని ఇంటికి చేర్చుటకు పనికివచ్చినది.

మన దేశంలో పెద్ద స్టేషన్లలోను, మెట్రోలలోను, అంగడి సౌధాలలోను కదిలే మెట్లు నేడు సాధారణం. హైదరాబాదు మెట్రో 2017 నవంబరులో మొదలయినది. అక్కడ స్టేషన్లన్నీ స్తంభాల మీదనే గనుక రైలెక్కవలెనంటే ముందు మెట్లెక్కక తప్పదు. మన యంత్రాలకు ఒక ప్రత్యేకత వచ్చినది, చీరవల్ల. మెట్టుకూ ప్రక్క గోడకూ నడుమ సన్నని సందు తప్పదు; ఒకటి కదిలేది, ఒకటి నిలిచేది. ఆ సందులో చీర అంచో, జారిన పైటకొంగో చిక్కుకొంటే యంత్రం విడువదు. అందుచేత ఇక్కడ మెట్ల ప్రక్కన పొడవునా చీర రక్షణ అమర్చుతారు. కొన్నిచోట్ల అది కుచ్చు బ్రష్షులవలె ఉండి కొంగునూ కాలినీ అంచునుంచి ఎడంగా ఉంచుతుంది. మెత్తని రబ్బరు చెప్పులకు కూడ ఆ సందే శత్రువు.

అయినా స్టేషనులో మెట్ల మొదట ఒక గుంపు ఎప్పుడూ ఆగి ఉంటుంది. పండుగనాళ్ళలోను తీర్థాల రోజులలోను మరీని. ముందు పడుచువాడు పెట్టె పట్టుకొని ఎక్కివేస్తాడు. అతని వెంట పిల్ల ఎక్కుతుంది. అత్తగారు ఒక కాలు ముందుకు చాచి, మెట్టు పుట్టుట చూచి, కాలు వెనుకకు తీసుకొంటుంది. “రా అత్తయ్యా, ఏమీ కాదు, గీత మీద కాలు పెట్టకు” అని కోడలు చేయి పట్టుకొంటుంది. ఆ రెండు క్షణాలలో పైకి పోయినవారు పైన, నిలిచినవారు క్రింద. పిల్ల వెనుకకు తిరిగి ఏడుస్తూ ఎదురు దిగబోతుంది. వెనుక ఉన్నవారు విసుగుకొని “త్వరగా కానీయండమ్మా” అంటారు. మోకాళ్ళ నొప్పులచేత మామూలు మెట్లు ఎక్కలేనిది ఎవరో, కదిలే మెట్ల అవసరం అందరికన్న ఎక్కువ ఎవరికో, ఆమెయే చివరకు గోడ వారగా పోయి, నలువదియో ఏబదియో రాతిమెట్లు ఒక్కొక్కదానికీ ఆగుతూ ఎక్కుతుంది. చక్రాలబండిలో వచ్చేవారికైతే ఈ యంత్రం ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. వారికి లిఫ్టు కావలెను. కదిలే మెట్లు వేసినాము గదా అని లిఫ్టును మూలకు నెట్టుట, దారి చూపే బల్ల అయినా కట్టకపోవుట చాలచోట్ల కనిపిస్తుంది.

ఆమె బెదురును అజ్ఞానమనుట సులభం. కాని లండనులో రేనల్డ్స్, బ్రాన్‌స్టైన్ అనే పరిశోధకులు 2003లో ప్రకటించిన పరిశోధన ఒకటి వేరొక సంగతి చెబుతుంది. కదిలే బండి మీద పలుమార్లు కాలు పెట్టి అలవాటుపడినవారికి, ఇప్పుడు బండి కదలదని ముందుగా స్పష్టంగా చెప్పి కాలు పెట్టమన్నారు. వారు చూచినారు, విన్నారు, నమ్మినారు. అయినా కాలు పెట్టగానే ముందుకు తూలినారు. పాడయి నిలిచిన కదిలే మెట్ల మీద ఎక్కేటప్పుడు నగరవాసులందరికీ కలిగే తడబాటు ఇదే. కాలు నేర్చినదానిని తల మాన్పించలేదు. నగరవాసి కాలు కదిలే మెట్టును నేర్చుకొన్నది, నిలిచిన మెట్టు మీద తూలుతుంది. ఆ ముసలమ్మ కాలు డెబ్బది ఏండ్లుగా నిలిచిన మెట్టును నేర్చుకొన్నది, కదిలేదాని ముందు ఆగుతుంది. ఇద్దరిలోనూ జ్ఞానం కాలిదే.

మెట్ల మొదటా చివరా, ప్రక్క గోడకు మోకాలి ఎత్తు ప్రాంతాన, ఎర్ర బొత్తాము ఒకటి ఉంటుంది. కొంగు చిక్కినా, పిల్ల పడినా, ఎవరయినా దానిని నొక్కవచ్చును. నొక్కినవారికి దండన లేదు. కాని అది ఎక్కడున్నదో ఎరిగినవారు కొద్దిమంది. ఎరిగి ఉండీ నొక్కుటకు చేయి రానివారు ఎక్కువమంది. ఆగిన తరువాత అవి మామూలు మెట్లే, కాకపోతే మన ఇంటి మెట్లకన్న ఎత్తు. వాటి నడుమ చిక్కుకొన్నవారిని చేయి పట్టి దించవలెను, క్రిందినుంచి ఒకరు, పైనుంచి ఒకరు.